అమావాస్య నాడే ఎందుకు

మా అత్తగారు నాకు పెట్టిన పేరు ఎందుకమ్మ. పెళ్లయి గద్వాల వచ్చిన కొత్తలో, మగ్గం గుంటలోకి దిగే ముందు దండం ఎందుకు పెడతారు, చీర ఒళ్లంతా నూలుతో నేసి అంచు మాత్రం పట్టుతో ఎందుకు నేస్తారు అని అడిగి అడిగి ఆవిడ ప్రాణం తోడేశాను. వనపర్తిలో పదో తరగతి దాకా చదివాను కదా, ఆ పొగరు కూడా కాస్త ఉండేది. "పోలీసోళ్ల ఇంట్ల పుట్టాల్సినదానివి, మగ్గమోళ్ల ఇంట్ల పడ్డవ్" అనేది ఆవిడ. కోపంతో కాదు, అన్నం వడ్డిస్తూనే అనేది.

ఇప్పుడు రాస్తున్నది నా కూతురు సుశీల గురించి. ఎనభైల చివర్లో మాట, దానికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడు మాఘం నుంచి జ్యేష్ఠం దాకా మా ఇంట్లో జరిగింది తలుచుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. అయినా రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న తల్లులు ఇంకా ఎక్కడో ఒక గదిలో కూర్చుని వాళ్ల చేతులకు గుడ్డలు చుడుతూ ఉంటారని నాకు తెలుసు. వాళ్లలో ఒక్కరు చదివినా చాలు.

సుశీల మనలా మాట్లాడదు. అడిగినదానికి జవాబు ఇవ్వదు, అడిగిన మాటనే తిరిగి మనకు ఇస్తుంది. "అన్నం తింటవా" అంటే "అన్నం తింటవా" అంటుంది. కళ్లలోకి చూడదు. తిరిగే వస్తువేదైనా కనిపిస్తే దానికి లోకం అక్కర్లేదు. మా అత్తగారు రాట్నం మీద నూలు కండెలు చుడుతుంటే చక్రానికి ఎదురుగా కూర్చుని పూటంతా గడిపేసేది. ఆటిజం అన్న మాట మా చెవిన పడడానికి ఇంకా చాలా కాలం ఉంది. మా వీధిలో ఎదురుగా దాన్ని అమాయకురాలు అనేవారు, చాటుగా పిచ్చిది అనేవారు. నాకు రెండూ వినిపించేవి.

దానికి నొప్పి తెలియదని కూడా అనేవారు. ఒకసారి కాలుతున్న పెనం మీద చెయ్యి పెట్టింది. అరచెయ్యి బొబ్బలెక్కింది గాని కంట నీటి చుక్క లేదు. ఏడవనిదానికి నొప్పేముంటుందని అందరూ తేల్చేశారు. నేనూ నమ్మాను. దేవుడు మాట తీసుకుని నొప్పి కూడా తీసుకుపోయాడులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

మొదటిసారి మాఘ అమావాస్య నాడు జరిగింది. మా ఇళ్లలో అమావాస్య నాడు మగ్గం నడవదు. పొద్దున్నే దుమ్ము దులిపి, పసుపు కుంకుమ పెట్టి, బెల్లం పూర్ణంతో భక్ష్యాలు చేసి నైవేద్యం పెట్టాకే ఎవరైనా తినాలి. మిగతా నెలంతా జొన్న రొట్టె, పప్పు, పచ్చిపులుసు. తీపి అంటే మాకు అమావాస్యే. ఆ రోజు భోజనాలయ్యాక లోపలి గదిలోంచి దబ్ దబ్ మని చప్పుడు వచ్చింది. మగ్గం ఆగిన రోజున ఈ చప్పుడేమిటని వెళ్లి చూశాను. సుశీల గోడకు ఆనుకుని కూర్చుని పిడికిలితో తన దవడను తానే గుద్దుకుంటోంది. ఏడుపు లేదు. ముఖం మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం ఆగడం లేదు. పట్టుకుంటే విడిపించుకుని మళ్లీ గుద్దుకుంది. చివరికి నా అరచేతిని దాని చెంపకు అడ్డం పెట్టాను. ఆ దెబ్బలు నాకు తగిలాయి. తొమ్మిదేళ్ల పిల్లలో అంత బలం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

సాయంత్రానికి తగ్గింది, మర్నాడు ఏమీ ఎరగనట్టు రాట్నం ముందు కూర్చుంది. నెల తిరిగి ఉగాది ముందు అమావాస్య రాగానే మళ్లీ మొదలైంది. ఈసారి ఉగాది నాడు కూడా కొట్టుకుంది. అమావాస్య గాలి మర్నాటి దాకా ఉంటుందని మా అత్తగారు అంది. చైత్ర అమావాస్యకు మూడోసారి. ఇక ఎవరికీ అనుమానం మిగలలేదు. నెలంతా బాగుండి అమావాస్య నాడే ఒళ్లు తెలియకుండా కొట్టుకునే పిల్లకు ఏం పట్టిందో చెప్పడానికి మా వీధిలో ఎవరికీ చదువు అవసరం లేకపోయింది. ఉగాది కాగానే మా అత్తగారు ఎవరి దగ్గరో కట్టించుకొచ్చిన తాయెత్తు అప్పటికే దాని మెడలో ఉంది.

నేను దాన్ని ఆసుపత్రికి కూడా తీసుకెళ్లాను. బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి అవతలికి జరిగారు. ఒక ముసలాయన మాత్రం జరగకుండా కూర్చుని, చేతిలోని గొడుగును నేల మీద బొంగరంలా తిప్పి దానికి చూపించాడు. మా వంతు వచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాడు. డాక్టరు చూసి, పుట్టుకతో వచ్చిన లోపమమ్మా, ఇలాంటి పిల్లలు ఇలా కొట్టుకుంటారు అని నిద్రమందు రాసిచ్చాడు. అమావాస్య నాడే ఎందుకండీ అని అడిగాను. ఆయన కాగితం మీదినుంచి తలెత్తి, అది మీరు అనుకోవడమే అన్నాడు. నేను అనుకోవడం కాదు, నా అరచెయ్యి ఇంకా వాచి ఉంది.

వైశాఖంలో విచిత్రం జరిగింది. అమావాస్య వచ్చింది, పోయింది, సుశీల ఒక్క దెబ్బ కూడా కొట్టుకోలేదు. పొద్దున్నించి అందరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. అది కండెల బుట్ట ముందేసుకుని దాని మానాన అది ఆడుకుంది. మా అత్తగారు తాయెత్తును కళ్లకద్దుకుంది. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. నాకూ సంతోషమే, కాదనను. కానీ తాయెత్తు కట్టింది చైత్ర అమావాస్యకు ముందే కదా, అప్పుడెందుకు పనిచేయలేదని అడిగాను. "ఆగవు కదా నువ్వు, మంచి జరిగినా ఆగవు" అంది మా అత్తగారు.

జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి నాడు మా ఆశ అడుగంటింది. మా పక్కింటివాళ్లు సేద్యగాళ్లు. ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, పూజ చేసి, మాకు ఎప్పటిలాగే భక్ష్యాలు పంపారు. మధ్యాహ్నానికల్లా సుశీల మొదలుపెట్టింది. ఎప్పుడూ లేనంతగా కొట్టుకుంది. దెబ్బ ఒకటి గురి తప్పి కంటి పక్కన తగిలి చర్మం చిట్లింది. నెత్తురు చూసి మా ఆయన దాని రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. నేను పాత చీర పేలికలు చింపి, రెండు చేతులకూ మెత్తగా చుట్టి కట్టాను. కట్టిన చేతులతో అది మోకాలి మీద దవడ మోదుకుంది.

అమావాస్యది పున్నానికి కూడా వచ్చిందని మా అత్తగారు ఏడ్చింది. నది అవతల ఒక ఊళ్లో గాలి సోకినవాళ్లను ఉంచే గుడి ఉంది. మూడు అమావాస్యలు అక్కడ వదిలిపెట్టాలి. కాళ్లకు గొలుసులు వేసి మంటపం స్తంభాలకు కడతారు. ఇంటివాళ్లు దగ్గర ఉండకూడదు. రాబోయే అమావాస్యకు పిల్లను అక్కడికి తీసుకెళ్లాలని ఆవిడ అంటే, మా ఆయన తల దించుకుని సరేనన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. కంటి మీద పడ్డ దెబ్బను చూసి భయపడిపోయాడు. కన్ను పోతే ఎట్ల అని ఒకటే మాట.

పున్నమికీ అమావాస్యకూ మధ్య నాకున్నది పదిహేను రోజులు. ఏడవడానికి కూర్చుంటే అందులోనే అయిపోతాయి. అందుకని ఆలోచించాను. అమావాస్య వచ్చినా కొట్టుకోని రోజు ఒకటి ఉంది, అమావాస్య కాకపోయినా కొట్టుకున్న రోజు ఒకటి ఉంది. ఈ రెండు రోజులకూ తేడా ఏమిటి? అన్నం వార్చేటప్పుడు అదే ఆలోచన, గంజి కాచేటప్పుడు అదే. వైశాఖ అమావాస్యకు మాకు పురుడో మైలో ఏదో ఉందని గుర్తొచ్చింది. ఏదో ఏమిటి, నాగర్‌కర్నూల్‌లో ఉండే మా పాలివాళ్ల ముసలమ్మ చనిపోయింది. మైల కాబట్టి మగ్గానికి పూజ చేయలేదు. పూజ లేదు కాబట్టి నైవేద్యం లేదు. నైవేద్యం లేదు కాబట్టి భక్ష్యాలు చేయలేదు.

చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఏరువాక పున్నమికి పక్కింటి భక్ష్యాలు వచ్చాయి. ఉగాదికి మళ్లీ భక్ష్యాలు చేశాం. మరి శ్రీరామనవమికి పానకం ఇచ్చారే, ఆ రోజు ఎందుకు కొట్టుకోలేదు? నవమి నాటిది నెమరు వేసుకుంటే, మిరియం ఘాటుకు గ్లాసు తోసేయడం గుర్తొచ్చింది. చాయ్ అది ఎలాగూ ముట్టదు. సేద్యగాళ్ల ఇంట్లో పుట్టి ఉంటే తీపి పున్నానికో పంటకో తినేది, మాకు ఈ తిప్పలు ఉండేవి కావు. మగ్గమోళ్ల ఇంట్లో తీపి, అమావాస్య ఒకటే రోజు వస్తాయి. మేమంతా ఆకాశంలోకి చూశాం గాని కంచంలోకి చూడలేదు.

తీపి తగిలి పన్ను నొస్తోందేమో అని అత్తగారికి చెబితే నమ్మలేదు. "పండ్లు నొస్తే ఏడ్వదా? మనిషన్నంక ఏడుస్తది" అంది. నోరు తెరిపించి చూద్దామంటే సుశీల చచ్చినా తెరవదు. ఇక మిగిలింది ఒకటే దారి. మామూలు రోజున, ఏ తిథీ లేని రోజున, నా చేత్తో దానికి బెల్లం పెట్టి చూడాలి.

మర్నాడు పొద్దున మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. జర చూడు అని చెప్పి, సుశీల చేతుల కట్లు విప్పి బెల్లం ముక్క ఇచ్చాను. అది సంబరంగా నోట్లో వేసుకుంది. దానికి బెల్లమంటే ప్రాణం. కాసేపు చప్పరించింది, తర్వాత కొరికింది. కొరికిన మరుక్షణం దాని చెయ్యి లేచింది. నేను అడ్డం పడి, నోట్లోంచి బెల్లం తీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు తాగించాను. సగం మింగింది, సగం నా మీద ఉమ్మింది. మెల్లగా దెబ్బలు పలచబడ్డాయి. మా ఆయన పేక పోగు ఆడించే నాడె చేతిలో పట్టుకునే గుంటలోంచి పైకి వచ్చాడు. పోగు తెగి వేలాడుతోంది, చూసుకోలేదు. దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇన్ని దినాలు పంటినొప్పికి దీన్ని కట్టేసినమా" అన్నాడు.

వనపర్తిలో మా తమ్ముడికి సైకిల్ షాపు ఉంది. వాడి షాపుకు ఎదురు సందులోనే పళ్ల డాక్టరు. ముగ్గురం బస్సెక్కాం. బీచుపల్లి వంతెన దాటుతున్నప్పుడు మా ఆయన నది వైపు చూడకుండా పిల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. బస్సు కుదుపుకు పన్ను కదిలిందేమో, పెబ్బేరు దగ్గర రెండు మూడు దెబ్బలు కొట్టుకుంది. కండక్టరు వచ్చి ఏమైందని అడిగాడు. పంటినొప్పి అన్నాడు మా ఆయన. ఎదుటి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. కండక్టరు మమ్మల్ని కుదుపు తక్కువుండే ముందు సీటులోకి మార్చాడు.

డాక్టరు దగ్గర ముందు గది చిన్నది. అందులో కోడేరు నుంచి వచ్చిన ఒక సేద్యగాళ్ల ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. చెంప బూరెలా ఉబ్బింది. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది. మళ్లీ గుడ్డలు చుట్టిన సుశీల చేతుల వైపు చూసింది. నేను ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఉండగా, ఆమె పిడికిలి బిగించి తన ఉబ్బిన దవడను తానే టకటక గుద్దుకుంది. అట్ల ఎందుకు కొట్టుకుంటున్నవక్కా అని అడిగాను.

"గుద్దుకుంటే జర నిమ్మళమైతది" అంది ఆమె. "లోపటి నొప్పి మన మాట వినదు గద. గీ దెబ్బ మనం ఆపితే ఆగుతది."

నేను చదివిన పదో తరగతిలో గాని, ఆ తర్వాత చదివిన వాటిలో గాని నా బిడ్డ గురించి అంత తేటగా ఎవరూ చెప్పలేదు. ఆమె సుశీల గురించి అనలేదు, తన గురించే అంది. తలనొప్పి వస్తే మనం గుడ్డ బిగించి కట్టుకోమా? తేలు కుట్టిన చోటికి పైన తాడు బిగించమా? నొప్పి మీద నొప్పి పెట్టడం మనకందరికీ తెలిసిన వైద్యమే. సుశీల చేస్తే మాత్రం దయ్యం అన్నాం. సంగతంతా విన్నాక ఆమె తన వంతు మాకిచ్చింది. వద్దన్నా వినలేదు, నాకు అలవాటైందిలే అంది.

డాక్టరు పెద్దాయన. కాలితో తొక్కే పాతకాలం మిషను ఒకటి ఆయన కుర్చీ పక్కన ఉంది, దానికి చక్రం, చక్రానికి తాడు. సుశీల గుమ్మంలోనే ఆగిపోయి ఆ చక్రాన్నే చూసింది. ఆయన అది గమనించి కాలితో మెల్లగా తొక్కడం మొదలుపెట్టాడు. చక్రం తిరిగింది. సుశీల నడిచి వెళ్లి దాని ముందు కూర్చుంది. కాసేపటికి నోరు దానంతటదే తెరుచుకుంది, ఇష్టమైనదాన్ని చూసేటప్పుడు అది నోరు తెరుస్తుంది. ఆయన టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత చీముతో ఈ పిల్ల ఎట్లా తిరుగుతోందమ్మా" అన్నాడు. "నేనైతే ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ని."

రెండు పళ్లు తీసేయాల్సి వచ్చింది. అది తేలిగ్గా జరిగిందని చెబితే అబద్ధం. సూది వేసేటప్పుడు నేను, మా ఆయన, మా తమ్ముడు ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరు వేలు కొరికింది. ఆయన వేలు దులుపుకుని, మంచిదే, మిగతా పళ్లు గట్టిగా ఉన్నాయి అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బయటికి వస్తుంటే కోడేరు ఆమె సుశీల తల నిమరబోయి, దానికి ముట్టుకుంటే నచ్చదని నేను చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకుని ఊరికే నవ్వింది.

ఆ జ్యేష్ఠ అమావాస్యకు మేము ఆ గుడికని నది దాటలేదు. పొద్దున మా అత్తగారు మూట సర్దుతుంటే మా ఆయన వెళ్లి, పోతలేము అమ్మా అని చెప్పాడు. ఆవిడ మూట విప్పేసి భక్ష్యాల పిండి కలపడానికి కూర్చుంది. సుశీల రెండు తిన్నది. మేము ముగ్గురం పని మానేసి దాని చేతుల వైపే చూశాం. అది వేళ్లు నాక్కుని, మూడోదానికి చెయ్యి చాపింది. కట్లు లేని చెయ్యి.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది, కానీ నిజం అంతటితో అయిపోలేదు. ఆ వానాకాలంలోనే మళ్లీ కొట్టుకుంది. ఈసారి చెవి మీద. వెతికితే చెవిలో చీము. ఇంకోసారి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, వారం రోజులు కొట్టుకుని దానంతటదే ఆగిపోయింది. దానికి కారణం నాకు ఇప్పటికీ తెలియదు. అన్ని దెబ్బల వెనకా పుండు ఉంటుందని నేను చెప్పను. విసుగుకు కొట్టుకుంటారు, భయానికి కొట్టుకుంటారు, చప్పుళ్లు ఎక్కువైతే కొట్టుకుంటారు. కానీ కట్టేసే ముందు వెతకండి. నోరు, చెవులు, కడుపు, కాలిగోళ్ల దాకా వెతకండి. ఏడవడం లేదు కదా అని వదిలేయకండి. ఏడవడం కూడా ఒక భాషే, అది అందరికీ రాదు.

అప్పటినుంచి నాకొక అలవాటైంది. అది కొట్టుకున్నప్పుడల్లా దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని దవడ మీద, చెవి మీద, నుదుటి మీద, కడుపు మీద ఒక్కోచోట పెట్టి, ఇక్కడ నొస్తుందా అని అడిగేదాన్ని. అది "ఇక్కడ నొస్తుందా" అని నన్నే తిరిగి అడిగేది. ఎన్నేళ్లు అడిగినా అంతే. మా అత్తగారు రాట్నం తిప్పుతూ ఓరకంట చూసేది. గోడకు చెప్పుకున్నట్టే అని ఒకటి రెండుసార్లు అంది. తర్వాత అనడం మానేసింది.

సుశీల పెద్దమనిషైన ఏడు, చలికాలంలో ఒక పొద్దున, నేను వీధిలో పరిచిన పడుగు దారాలకు గంజి పట్టిస్తున్నాను. లోపలినుంచి మా అత్తగారు నన్ను పిలిచింది. గొంతు అదోలా ఉంటే చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాను. రాట్నం ఆగి ఉంది. సుశీల గోడ వైపు ముఖం పెట్టి కూర్చుని, ముసలావిడ చెయ్యి పట్టుకుని తన పొత్తికడుపు మీద పెట్టి అదిమి ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వని పిల్ల. ఆవిడ చెయ్యి వదులు చేస్తే మళ్లీ లాక్కుని అక్కడే పెట్టుకుంది.

ఏమైందత్తా అని అడిగాను. చూస్తే నాకు అర్థమైంది, అయినా అడిగాను.

"పిల్లకు కడుపు నొస్తుంది" అంది మా అత్తగారు. "నాకు చెప్తుంది."